రామన్ గారూ, తోడేలు స్వరమూ

కాకినాడలో పదడుగుల గదిలో స్టీరియో పెట్టి కచేరీ వినేవాళ్ళకి ఇది అనుభవమే. సరస్వతీ గానసభలో హాయిగా విన్న మృదంగం ఇంట్లో గుమ్మని మూలుగుతుంది. ఎదురెదురు గోడల మధ్య సెకనుకి సుమారు 57 కంపనాల మంద్రధ్వని చిక్కుకుని పెరిగిపోతుంది. దీన్నే అనునాదం అంటారు. ఇదే జబ్బుకి చెల్లో వాద్యంలో నాడి పట్టి చూసినవారు సర్ సి. వి. రామన్.

1888లో తిరుచిరాపల్లి దగ్గర పుట్టినా, ఆయన తొలి చదువు సాగింది మన విశాఖపట్నంలోనే. తండ్రి చంద్రశేఖర అయ్యర్ ఎ. వి. ఎన్. కాలేజీలో లెక్చరరు, ఇంట్లో వయొలిన్ వాయించేవారు. పదకొండో ఏటే మెట్రిక్ ప్యాసైన కుర్రవాడికి తర్వాత హెల్మ్‌హోల్ట్‌జ్ ధ్వనిశాస్త్ర గ్రంథం దొరికింది. సన్నమూతి కూజాలోని గాలి ఒక్క స్వరానికే గట్టిగా స్పందిస్తుందని చూపిన మహానుభావుడాయన.

1907లో రామన్ కలకత్తాలో ఆర్థికశాఖ ఉద్యోగి అయ్యారు. పగలు ఆఫీసు ఫైళ్ళు, పొద్దుటా సాయంత్రమూ బౌబజారు వీధిలోని పరిశోధనశాల! అక్కడే 1916లో తోడేలు స్వరం ఆయన చేతికి చిక్కింది. చెల్లోలో ఒక స్వరం దగ్గర కర్రపెట్టె విపరీతంగా కంపించి, కమాను ఇచ్చే శక్తినంతా మింగేస్తుంది. తీగె నిలవలేక పై స్థాయికి గెంతుతుంది. పెట్టె చల్లబడగానే మళ్ళీ దిగుతుంది. వినేవాళ్ళకి గుర్రుమన్నట్టుంటుంది. బ్రిడ్జి మీద బరువు పెడితే ఆ స్వరం కిందికి జరుగుతుంది.

గదికి బరువు కట్టలేం కదా! స్పీకరుని మూల నుంచి ఇవతలికి లాగాలి. లేదా హెల్మ్‌హోల్ట్‌జ్ కూజాని గది స్వరానికి సరిపడే కొలతలో పెద్దగా చేసి, మూతిలో పలచగా దూది పెడితే, ఆ శక్తి కొంత వేడిగా మారిపోతుంది. కిటికీ కర్టెన్లకి ఆ పని చేతకాదు.

1917లో రామన్ ఆ పెద్ద ఉద్యోగం వదిలి, తక్కువ జీతానికి ప్రొఫెసరయ్యారు. ఇంట్లోవాళ్ళకి ఎలా వుండి వుంటుందో మనం ఊహించుకోవాల్సిందే. 1920లో మృదంగాన్ని పట్టుకున్నారు. కుడిమూత నడుమ నల్లటి పూత బరువువల్ల, మామూలు డోలులో పొంతన లేకుండా మోగే అతిస్వరాలు శ్రుతిలోకి వస్తాయని తేల్చారు. చెల్లోలో చికిత్సకి వాడిన బరువే ఇక్కడ నాదానికి ప్రాణం!

సముద్రపు నీలం కథ, 1928 నాటి కాంతి పరిశోధన, 1930లో నోబెల్ బహుమతి అందరికీ తెలిసినవే. అంత కీర్తి వచ్చాక కూడా, 1934లో బెంగుళూరు నుంచి ఆయన మళ్ళీ మన డోలుల మీదే ఒక వ్యాసం ప్రకటించారు.