వరాహగిరి వేంకటగిరిగారి చరిత్రము

మహాపురుషుల చరిత్రములను జదువుటవలని లాభము వారిని బొగడుటయందు లేదు. ఇట్టి సంకటము మనకే తటస్థించినయెడల మనమేమి చేసియుందుమని మనలను మనము ప్రశ్నించుకొనుటయందున్నది. ఇచ్చిన మాటను నిలువబెట్టుకొనుట, తప్పుగా నిచ్చిన మాటను తప్పని యొప్పుకొనుట, మనసొప్పని చోట పదవిని విడుచుట, ఈ మూడును పలుకుటకు సులభములు, చేయుటకు దుష్కరములు. ఈ మూడింటిని తన జీవితమున వేర్వేరు సమయములయందు ఎదుర్కొనిన యొక యాంధ్రుని చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయ బూనితిమి. ఆయన లోపములను సైతము దాచక చెప్పెదము. లోపములు లేని మనుష్యుని చరిత్రము కథయగును గాని చరిత్రము గానేరదు.

కోనసీమకు దక్షిణపుటంచున, వైనతేయ గోదావరి సముద్రమున గలియుచోట, ఓడలరేవను గ్రామము గలదు. దాని పేరునందే యోడలున్నవి. ఆ యొడ్డున నిలిచి చూచువారికి నీరు తప్ప మఱేమియు గానరాదు. అయినను ఆ నీటి కావల నెచ్చటనో యున్న యొక చిన్న ద్వీపమునందు జరిగిన సంగతులు మన దేశపు కార్మికుల బ్రతుకును మార్చినవనిన, వినువారికి వింతగా దోచును. ఆ వింతకు గారణభూతులైన వరాహగిరి వేంకటగిరిగారి పెద్దలు ఈ సీమవారే. రాజోలు దాపునగల చింతలపల్లి వారి గ్రామము. తండ్రియగు జోగయ్య పంతులుగారు గంజాము సీమలోని బరంపురమునకు బోయి, యచ్చట న్యాయవాదవృత్తియందు బేరు గాంచి, కాంగ్రెసు కార్యములయందు బాల్గొనిరి. తల్లియగు సుభద్రమ్మగారు మద్యనిషేధమునకై పోరాడి, శాసనోల్లంఘన దినములలో నిర్బంధమునకు గూడ వెనుదీయని యిల్లాలు. ఇట్టి దంపతులకు 1894 ఆగస్టు 10వ తేదీన గిరిగారు జన్మించిరి.

ఆ కాలమున మన సంపన్న గృహముల బాలురు బారిష్టరు పట్టమునకై లండనునకు బోవుచుండిరి. గిరిగారు 1913లో ఐర్లండు రాజధానియగు డబ్లిను నగరమునకు బోయిరి. అచ్చటి విశ్వవిద్యాలయ కళాశాలలోను, కింగ్సు ఇన్సు అను న్యాయవాదుల సంస్థలోను విద్యార్థిగా జేరిరి. 1914 మొదలు 1917 వరకు ఆ కళాశాలయందు జదివిన భారతీయ విద్యార్థులు సుమారు 50 మంది. గిరిగారు న్యాయశాస్త్రముతో దృప్తినొందక బి. ఏ. తరగతియందు గూడ బ్రవేశించిరి. వారికి ఆంగ్ల సాహిత్యమును బోధించిన యధ్యాపకులలో థామస్ మాక్‌డొనా అను కవి యొకరు. ఆయన పేరు ముందు మరల రాగలదు.

ఐర్లండుయొక్క యవస్థ మన యవస్థవంటిదే. పరుల పాలన, భూస్వాముల పీడనము, కఱవు, వలసలు, ఇవన్నియు దానికి జిరపరిచితములు. మన దేశమున దరువాత మాఱుమ్రోగిన హోమ్‌రూలు అను మాట యచ్చటనే పుట్టినది. 1880 ప్రాంతమున చార్లెసు స్టూవర్టు పార్నెలుగారు బ్రిటిషు పార్లమెంటునందు ఐరిషు సభ్యులనందఱ నొక్కత్రాట గట్టి, యా కోరికను నిత్యము వినిపింపజేసిరి. ఆయన పతనానంతరమును ఆ కోరిక చావలేదు. 1914లో హోమ్‌రూలు శాసనమైనను, మహాయుద్ధము వచ్చుటచే నది యమలు గాక నిలిచిపోయెను. చట్టబద్ధముగా నడిగి యడిగి విసిగినవారి మనస్సులు వేఱు త్రోవలను వెదకుచుండిన సమయమున గిరిగారు డబ్లినునం దుండిరి.

ఆ నగరమున వారు చూచిన దింకొకటి గలదు. 1913 ఆగస్టునందు సంఘమున జేరిన కార్మికులను యజమానులు పనిలోనికి రానీయక తలుపులు మూసివేసిరి. సుమారు 20,000 మంది స్త్రీపురుషులు నెలల తరబడి కూలి లేక, కూడు లేక, సంఘమును మాత్రము విడువక నిలిచిరి. జేమ్సు లార్కిను, జేమ్సు కానలీ యనువారు వారికి నాయకులు. ఆ పోరాటము 1914 ప్రారంభమున నోటమితోనే ముగిసెను. అయినను దేశమునకు స్వాతంత్ర్యము వేఱు, కూలివానికి నన్నము వేఱు కాదని, యీ రెండును ఒక్క ప్రశ్నకు రెండు ముఖములని కానలీ బోధించిన పాఠము మన తెలుగు విద్యార్థి మనస్సున నాటుకొనెను. గిరిగారి తరువాతి జీవితమంతయు నీ పాఠమునకు వ్యాఖ్యానమని మా యభిప్రాయము.

ఇచ్చట నొక చిన్న సంగతిని జెప్పవలెను. మహాయుద్ధము ప్రారంభమైన పిదప గిరిగారు లండనునకు బోయి గాంధిగారిని దర్శించిరి. గాంధిగారు యుద్ధమున గాయపడినవారి శుశ్రూషకై రెడ్‌క్రాసు దళమున జేరుమని కోరగా, యువకుడగు గిరిగారు పెద్దవారి మాట కాదనలేక యొప్పుకొనిరి. తరువాత మనస్సున సుఖము లేకపోయెను. సామ్రాజ్యముయొక్క యుద్ధమునకు దోడ్పడుట తమ విశ్వాసమునకు విరుద్ధమని తోచెను. మాట దప్పుటయా, మనస్సును జంపుకొనుటయా యని కొట్టుకొనుచు, తుదకు సంగతి తెలుపగా, గాంధిగారు కోపింపక యా వాగ్దానమునుండి వారిని విడిపించి, యా సంగతి నెవ్వరితోను బ్రస్తావింపకుండిరి. ఇందు యువకుని నిజాయితీ యెంత గొప్పదో, పెద్దవారి యౌదార్యము నంత గొప్పది. మన యిండ్లయందు బిల్లలు మనసు విప్పి చెప్పినప్పుడు మనమీ విధముగా వినగలుగుచున్నామా?

డబ్లినునందలి భారతీయ విద్యార్థులు దక్షిణాఫ్రికాలో మనవారు పడుచున్న యవమానములను గూర్చి యొక కరపత్రమును బ్రకటింపగా, నది రహస్య పోలీసుల చేత జిక్కెను. అది మొదలు వారిపై నిఘా హెచ్చెను. 1916 ఏప్రిలు 24వ తేదీన, ఈస్టరు సోమవారమున, డబ్లినునం దాయుధపు దిరుగుబాటు లేచెను. అది వారము దినములలో నణగెను. మే 3 మొదలు 12 వరకు 15 మంది నాయకులు కాల్చి చంపబడిరి. మొదటి దినమున జచ్చినవారిలో పాడ్రిక్ పియర్సుతో గూడ, గిరిగారి గురువగు మాక్‌డొనా యుండెను. కడపటి దినమున, గాయముచే నిలువలేని కానలీని కుర్చీకి గట్టి కాల్చిరి. ఆ నాయకులతో సంబంధము గలదని శంకింపబడిన గిరిగారి బసను పోలీసులు సోదా చేసిరి. నెల దినములలో దేశము విడువవలసినదని జూన్ 1వ తేదీన వారికి దాఖీదు వచ్చెను. ఆ గడువులోపలనే, జూన్ 21వ తేదీన, వారికి బారిష్టరు పట్టము లభించెను. బి. ఏ. చదువు మాత్రము పూర్తి కాలేదు.

గురువు రక్తమును జూచిన యువకుడు తుపాకిని వెదకుట యాశ్చర్యము గాదు. గిరిగారు వెదకలేదు. స్వదేశమునకు వచ్చి బరంపురమున వృత్తి ప్రారంభించి, 1916లోనే లక్ష్మణపురి కాంగ్రెసునకు బోయి, అనీబిసెంటమ్మగారి హోమ్‌రూలు ఉద్యమమున జేరిరి. ఆమెయు ఐరిషు వంశపు స్త్రీయే. 1920లో గాంధిగారి పిలుపు విని సాగుచున్న వకీలు వృత్తిని విడిచిరి. 1922లో సారాదుకాణముల వేలమునకు బ్రతిగా నిలిచి కారాగారమునకు బోయిరి.

తరువాత వారు కార్మికులలోనికి బోయిరి. 1923లో అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్యను స్థాపించినవారిలో నొకరై, పదేండ్లకు బైగా దానికి ప్రధాన కార్యదర్శిగా నుండిరి. 1926లో అఖిల భారత ట్రేడు యూనియను కాంగ్రెసునకు నధ్యక్షులైరి. బెంగాలు నాగపూరు రైల్వేలో పని పోయిన కార్మికుల పక్షమున నహింసాయుతమైన సమ్మెను నడిపి, కంపెనీవారిని దిగివచ్చునట్లు చేసిరి. 1929లో కార్మిక విచారణకై రాయలు కమిషను వచ్చినప్పుడు, దానిని బహిష్కరింపవలెనని కొందఱును, దానియెదుట కార్మికుని కష్టమును జెప్పవలెనని కొందఱును వాదింపగా సంఘము చీలెను. గిరిగారు, ఎన్. ఎమ్. జోషిగారు రెండవ పక్షము. చీలికవలన గార్మికుల బలము తగ్గెననుట నిజము. అయినను విడిపోయినవారు మరల గలిసిరి. గిరిగారే 1942లో రెండవసారి యధ్యక్షులుగా నెన్నుకోబడిరి. నడుమ 1931లో రెండవ రౌండుటేబిలు సమావేశమునందు భారత కార్మికుల పక్షమున వారు కూర్చుండిరి.

1937 ఎన్నికలలో బొబ్బిలియందు, అంతకుముందు మదరాసు రాష్ట్రమునకు బ్రధానమంత్రిగా నుండిన బొబ్బిలి రాజాగారినే గిరిగారు గెలిచిరి. రాజగోపాలాచారిగారి మంత్రివర్గమున కార్మిక, పరిశ్రమల శాఖలను వహించిరి. 1939లో మంత్రివర్గము రాజీనామా చేసెను. తరువాత రెండు పర్యాయములు కారాగారవాసము గలిగెను. 1946లో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గమున మరల మంత్రియైరి. స్వాతంత్ర్యానంతరము సింహళమున భారత హైకమిషనరుగా నుండి, 1952లో పాతపట్టణమునుండి లోకసభకు వచ్చి, నెహ్రూగారి ప్రభుత్వమున కార్మికమంత్రియైరి.

గిరి పద్ధతియని దేశమందు బేరొందిన విధానము ఇచ్చట వివరింపదగినది. యజమానికిని కార్మికునికిని తగవు వచ్చినప్పుడు, ప్రభుత్వము న్యాయస్థానమును నియమించి తీర్పును నెత్తిన బెట్టుట యలవాటు. గిరిగారి కిది యిష్టము గాదు. తీర్పుచే నొకడు గెలుచును, ఒకడోడును. ఇద్దఱును పగవారుగానే మరల నొక్క కప్పు క్రింద బని చేయవలెను. కావున ముందు తమలో దామే మాటాడుకొనవలెను. అది పొసగనిచో మధ్యవర్తియగు నుద్యోగి సాయమున మరల మాటాడుకొనవలెను. నిర్బంధపు దీర్పు గూడదని వారి మతము. సంఘము బలముగా నున్నగాని యజమాని మాటాడడనియు, బలమున్నదని సంఘము మాట మానరాదనియు డబ్లినునందును ఖరగ్‌పురమందును నేర్చినదానినే వారు పరిపాలనకు దెచ్చిరి. ప్రభుత్వమునందలి పెక్కుమంది దీనిని మెచ్చలేదు.

1954లో పరీక్ష వచ్చెను. బ్యాంకు గుమాస్తాల జీతములను గూర్చి కార్మిక అపీలు ట్రిబ్యునలు తీర్పు జెప్పెను. ప్రభుత్వము దాని నమలుపఱుపక, కొన్ని జీతములు తగ్గునట్లు మార్చెను. కార్మికమంత్రి యుండగా కార్మికునికి వచ్చిన దానిని దీసివేయుట గిరిగారికి సహింపరానిదయ్యెను. ఆగస్టునందు వారు పదవిని విడిచిరి. పదవి దొరకుటకు బూర్వము సిద్ధాంతములను జెప్పువారు వేలు. పదవియం దుండి యా సిద్ధాంతములకై దానిని విడుచువారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారు.

1957లో మఱియొక విధమైన పరీక్ష. పార్వతీపురము ద్విసభ్య నియోజకవర్గము. ఒక స్థానము గిరిజనులకు, ఒకటి సామాన్యము. గిరిజనాభ్యర్థియగు డిప్పల సూరిదొరగారికి గిరిగారికంటె నధికముగా నోట్లు వచ్చుటచే, సామాన్య స్థానము గూడ గిరిజనునికే లభించెను. గిరిగారు వ్యాజ్యెమాడిరి. 1959లో సర్వోన్నత న్యాయస్థానము సూరిదొరగారి పక్షముననే తీర్పు చెప్పెను. దీనులకై జీవితమును ధారవోసినవారు, దీనులలోనివాడొకడు తమను మించినప్పుడు దానిని సంతోషముతో నంగీకరించియుండిన నెంత బాగుండెడిదో యని మాకు దోచుచున్నది. హక్కు వేఱు, ఔదార్యము వేఱు. ఈ లోపమును మేము దాచలేదు.

పిదప నుత్తరప్రదేశమునకు, కేరళమునకు, మైసూరునకు వరుసగా గవర్నరుగా నుండి, 1967లో ఉపరాష్ట్రపతియైరి. 1969 మేలో జాకీర్ హుస్సేనుగారు మరణింపగా దాత్కాలిక రాష్ట్రపతియైరి. జూలై 20వ తేదీన ఆ పదవిని విడిచి, యే పక్షపు టిక్కెట్టును లేక స్వతంత్రులుగా రాష్ట్రపతి పదవికి నిలిచిరి. కాంగ్రెసు నిలిపిన యభ్యర్థి నీలం సంజీవరెడ్డిగారు, ఆయనయు ఆంధ్రుడే. మూడవ ముఖ్యాభ్యర్థి చింతామణి దేశముఖుగారు మన రాజమహేంద్రవరపు ఆడుబిడ్డ దుర్గాబాయమ్మగారి భర్త. ప్రధానమంత్రి ఇందిరాగాంధిగారి పక్షమువారు సభ్యులను అంతరాత్మ ప్రబోధము ననుసరించి ఓటు వేయుమనిరి. మొదటి లెక్కలో నెవ్వరికిని తగిన యాధిక్యము రాలేదు. రెండవ ప్రాధాన్యముల లెక్కతో గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 విలువ గల యోట్లు వచ్చెను. స్వతంత్రుడు రాష్ట్రపతియైన దీ యొక్కసారియే. ఎన్నికపై దావా పడగా, పదవియం దుండియే గిరిగారు న్యాయస్థానమునకు వచ్చి సాక్ష్యమిచ్చిరి. 1970లో దావా కొట్టివేయబడెను. ఐర్లండున మరణశిక్షనుండి తప్పించుకొనిన 1916 తిరుగుబాటుదారు ఈమను డి వలేరాగారు 1959 మొదలు 1973 వరకు ఆ దేశమునకు రాష్ట్రపతి. ఒకనాడు ఒక్క పోలీసు నిఘాలో నున్న యిరువురు, రెండు స్వతంత్ర దేశములకు నొక్క కాలమున నధినేతలైరి.

అంతరాత్మ పేరిట గెలిచిన రాష్ట్రపతి, ప్రభుత్వము కోరిన కాగితములపై నెంతవఱకు సందేహింపక సంతకము చేసిరను ప్రశ్న నిలిచియున్నది. 1970లో సోవియటు దేశపు పర్యటనమందుండగా కీవు నగరమున, ఉత్తరప్రదేశమున రాష్ట్రపతి పాలనను విధించు నాజ్ఞపై సంతకము చేసిరి. 1973లో మువ్వురు పెద్ద న్యాయమూర్తులను దాటి ప్రధాన న్యాయమూర్తి నియామకము జరిగినదియు వారి కాలముననే. వీనికన్న బాధాకరమైనది 1974 మేలో జరిగినది. గిరిగారు స్థాపింపదోడ్పడిన యా రైల్వే సమాఖ్యయే, జార్జి ఫెర్నాండెజుగారి నాయకత్వమున సుమారు 17 లక్షల మందితో సమ్మె కట్టెను. వేలమంది చెఱసాలల పాలైరి. 20 దినములలో సమ్మె యణచబడెను. సంప్రదింపే పరమమని జీవితమెల్ల బోధించినవారు రాష్ట్రపతి భవనమం దుండగా నిది జరిగెను. 1954లో మంత్రిగా విడువగలిగిన పదవిని 1974లో రాష్ట్రపతిగా వారు విడువలేదు. రాజ్యాంగము రాష్ట్రపతిని మంత్రుల సలహాకు గట్టివేసినదనుట సత్యమే. అయినను పదవి పెద్దదైనకొలది మనుష్యుని స్వేచ్ఛ చిన్నదగునను పాఠమును మేము దీనియందు జదువుకొనుచున్నాము.

1974 ఆగస్టున పదవీకాలము ముగిసెను. 1975లో భారతరత్న బిరుదము వచ్చెను. 1980 జూనునందు మదరాసున గిరిగారు స్వర్గస్థులైరి. దేశపు కార్మిక విద్యాసంస్థ నేడు వారి పేరుతో వెలయుచున్నది.

చదువరులారా, మన యిండ్లలోను, పొలములలోను, కార్యాలయములలోను బని చేయువారు గలరు. వారితో మనము మాటాడుచున్నామా, తీర్పులే చెప్పుచున్నామా? డబ్లిను వీథులలో నాకలిగొన్నవారిని జూచి వచ్చిన యాంధ్ర విద్యార్థి మనకు విడిచిపోయిన ప్రశ్న యిదియే. దానికి బదులు మన నడవడియే చెప్పవలెను.