ఎక్స్‌వై లైన్ గీసినాయన

ఫస్టియర్‌లో డ్రాఫ్టర్ పట్టుకుని ఈడీ హాలుకి పరిగెత్తినవాళ్లెవరూ ఎక్స్‌వై లైన్‌ని మరచిపోరు. పైన ఫ్రంట్ వ్యూ, కింద టాప్ వ్యూ, మధ్యలో ఆ గీత. ఆ తలనొప్పిని మనకు తగిలించి పోయిన మహానుభావుడు గాస్పార్ మోంజ్.

1746లో ఫ్రాన్స్‌లోని బోన్ అనే ఊళ్లో ఓ చిన్న వ్యాపారి ఇంట్లో పుట్టాడు. కుర్రతనంలోనే కొలిచే పరికరాలు సొంతంగా తయారుచేసుకుని ఊరి మొత్తానికీ ప్లాన్ గీశాడు. అది చూసిన ఓ సైనిక ఇంజనీరు అతన్ని మెజియేర్‌లోని మిలిటరీ ఇంజనీరింగ్ స్కూలుకు సిఫారసు చేశాడు. తీరా వెళ్తే, అసలు కోర్సు పెద్దింటి పిల్లలకేనట. మనవాడికి దక్కింది దానికి అనుబంధంగా ఉన్న డ్రాయింగ్ విభాగం.

అక్కడ ఓసారి కోట డిజైన్ లెక్క ఇచ్చారు. శత్రువు ఎక్కణ్ణించి గురిపెట్టినా లోపలివాళ్లు చిక్కకుండా గోడలు ఎలా ఉండాలి? మామూలుగా అయితే కుప్పలకొద్దీ అంకెలతో కుస్తీ పట్టాలి. మోంజ్ గీతలతోనే తేల్చేశాడు. ఇంత త్వరగా అయ్యే పని కాదని పై అధికారి మొదట కాగితం ముట్టుకోలేదు. చూశాక మాత్రం ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచేశారు. కనిపెట్టినవాడికే బయట చెప్పే వీల్లేకుండా పోయింది.

పద్ధతి ఇదీ: వస్తువు బొమ్మ గోడ మీద ఒకటి, నేల మీద ఒకటి. నేలని కిందికి తిప్పి గోడతో సమంగా పరిస్తే రెండూ ఒకే కాగితం మీదకొస్తాయి. ఆ మడతే ఎక్స్‌వై లైన్. ఫ్రంట్ వ్యూలో వెడల్పు, ఎత్తు. టాప్ వ్యూలో వెడల్పు, లోతు. రెండూ ఉంటే ఏ బిందువు ఎక్కడుందో దొరికిపోతుంది.

ఇదంతా నాకు ఒంటబట్టింది మా మినీ ప్రాజెక్టు ఫైల్ మొరాయించాకే. రివ్యూ మర్నాడు. ఫైల్ తెరవగానే సాఫ్ట్‌వేర్ మూసుకుపోతోంది. వేరే ఫైళ్లు బాగానే తెరుచుకుంటున్నాయి, ఈ ఫైల్ మాత్రం ఏ ల్యాప్‌టాప్‌లోనైనా అంతే. అంటే జబ్బు ఫైల్‌లోనే ఉంది. రికవర్ కమాండ్‌తో తెరిచి, ఆడిట్ చేశాం. తెరుచుకుంది గానీ, మోడల్ తిప్పగానే మళ్లీ పడిపోయింది. ఇక సగం భాగాలు ఒక కొత్త ఫైల్‌లోకి, మిగతా సగం ఇంకో ఫైల్‌లోకి పంపాం. పడిపోయిన సగాన్ని మళ్లీ రెండు చేశాం. నలభై భాగాలున్నా ఇలా వెతికితే ఆరుసార్లకు మించదు. చివరికి దొంగ దొరికాడు: ఒక బ్రాకెట్.

దాన్ని తీసేస్తే మిగతాదంతా బతికింది. మరి బ్రాకెట్? పాత ప్రింటవుట్‌లో దాని ఫ్రంట్ వ్యూ, టాప్ వ్యూ, కొలతలు ఉన్నాయి. వాటితో తెల్లారేలోపు మళ్లీ కట్టేశాం. ఆ రాత్రి మమ్మల్ని గట్టెక్కించింది మోంజే.

ఆ రహస్యం ఎన్నో ఏళ్లు రహస్యంగానే ఉంది. విప్లవం వచ్చాక మోంజ్ నౌకాదళ మంత్రి అయ్యాడు, 1794లో ఎకోల్ పాలిటెక్నిక్ స్థాపనలో ముందు నిలిచాడు. 1795లో తన పద్ధతిని అందరికీ పాఠంగా చెప్పాడు. 1799లో అది పుస్తకమైంది. పుట్టుక చూసి తలుపు మూసిన చదువుని అలా బాహాటం చేశాడు. నెపోలియన్‌తో ఈజిప్టు వెళ్లాడు. ఆ స్నేహానికి మూల్యం చెల్లించాడు కూడా: నెపోలియన్ పతనమయ్యాక 1816లో ఆయన్ని ఫ్రెంచి విద్వత్సభ నుంచి తీసేశారు.

1818లో కన్నుమూశాడు. నివాళులు వద్దని ప్రభుత్వం ఆంక్ష పెట్టింది. పాలిటెక్నిక్ కుర్రాళ్లు లెక్కచేయకుండా తమ మాస్టారికి నివాళి అర్పించారు.