ఐదేళ్లలో మూడుసార్లు బ్రిటిష్ ఛాంపియన్.. గ్రాండ్‌మాస్టర్ హోదా మాత్రం చనిపోయిన 58 ఏళ్లకు! ఎవరీ సుల్తాన్ ఖాన్?

ఇండియాలో గ్రాండ్‌మాస్టర్ అనగానే ముందు గుర్తొచ్చే పేరు విశ్వనాథన్ ఆనంద్. 1988లో ఆయన మన దేశానికి తొలి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. కానీ అంతకు 50 ఏళ్లకు పైగా ముందే పంజాబ్‌లోని ఓ పల్లెటూరి నుంచి వెళ్లి, ప్రపంచ మేటి ఆటగాళ్లను ఓడించిన భారతీయుడు ఒకరున్నారు. ఆయనే మీర్ సుల్తాన్ ఖాన్.

తండ్రి దగ్గర నేర్చుకున్న ఆట

సుల్తాన్ ఖాన్ ఊరు మిఠా తివానా. అప్పట్లో బ్రిటిష్ ఇండియాలోని పంజాబ్, ఇప్పుడు పాకిస్థాన్. తొమ్మిదేళ్ల వయసులో తండ్రి దగ్గర చదరంగం నేర్చుకున్నారు. అయితే అది ఇవాళ మనం ఆడే చెస్ కాదు, దేశీ చదరంగం. అందులో బంటు మొదటి ఎత్తులో రెండు గడులు దూకడానికి వీల్లేదు. రాజును కోటలో పెట్టే పద్ధతి కూడా వేరు.

ఆయన ఆట చూసిన పెద్ద జమీందారు సర్ ఉమర్ హయాత్ ఖాన్ తివానా తన దగ్గరికి తెచ్చుకున్నారు. యూరప్ రూల్స్ నేర్పించారు. దాంతో 1928లో ఢిల్లీలో జరిగిన ఆలిండియా ఛాంపియన్‌షిప్‌లో 9 గేముల్లో 8 గెలిచి, ఒకటి డ్రా చేసుకుని టైటిల్ కొట్టేశారు.

లండన్‌లో మొదట చేదు అనుభవం

1929లో సర్ ఉమర్ లండన్ వెళ్తూ సుల్తాన్ ఖాన్‌ను వెంట తీసుకెళ్లారు. అక్కడ ఆయన కోసం ఓ ప్రాక్టీస్ టోర్నీ పెడితే.. చివరి స్థానంలో నిలిచారు. ఓపెనింగ్స్ మీద పుస్తకాలు చదివి పెరిగిన వాళ్లతో ఆట మరి. ఆ తర్వాత ఇంగ్లిష్ ఆటగాళ్లు వింటర్, యేట్స్ దగ్గరుండి తర్ఫీదు ఇచ్చారు.

కొద్ది నెలల్లోనే సీన్ మారిపోయింది. అదే ఏడాది రామ్స్‌గేట్‌లో జరిగిన బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ సుల్తాన్ ఖాన్‌దే. 1932, 1933లో మళ్లీ గెలిచారు. మొత్తం నాలుగుసార్లు పోటీ చేస్తే మూడుసార్లు టైటిల్!

క్యాపబ్లాంకాకే షాక్

1930-31 హేస్టింగ్స్ టోర్నీలో మాజీ ప్రపంచ ఛాంపియన్ క్యాపబ్లాంకాను ఓడించారు. 1931లో టార్టకోవర్‌తో 12 గేముల మ్యాచ్ నెగ్గారు. అదే ఏడాది ప్రాగ్ ఒలింపియాడ్‌లో ఫ్లోర్, రూబిన్‌స్టీన్‌లను ఓడించారు. అప్పటి ప్రపంచ ఛాంపియన్ అలెఖైన్‌తో డ్రా చేసుకున్నారు. ఇక్కడ ఓ విషయం గమనించాలి. ఒలింపియాడ్‌లలో ఆయన ఆడింది ఇండియాకు కాదు, ఇంగ్లండ్‌కు. అదీ మొదటి బోర్డు మీద.

ఇదంతా ఆరోగ్యం సహకరించకపోయినా సాధించిందే. లండన్ చలి ఆయనకు పడలేదు. మలేరియా, జలుబు, గొంతు నొప్పి వెంటాడేవి. మెడకు గుడ్డ చుట్టుకునే ఆటకు కూర్చునేవారు.

అదే ఇంటి నుంచి మరో ఛాంపియన్ కూడా వచ్చారు. సర్ ఉమర్ వెంట వెళ్లిన వాళ్లలోనే ఉన్న మిస్ ఫాతిమా 1933లో బ్రిటిష్ మహిళల టైటిల్ గెలిచారు.

ఒక్కసారిగా ఆగిన కెరీర్

1933 డిసెంబర్‌లో సర్ ఉమర్ ఇండియాకు తిరుగుముఖం పట్టారు. సుల్తాన్ ఖాన్ కూడా వచ్చేశారు. అంతే, అంతర్జాతీయ కెరీర్ అక్కడితో ముగిసింది. వెళ్లడం, రావడం.. ఏదీ ఆయన చేతిలో లేదు. 1935లో ఖాడిల్కర్‌తో ఆడిన 10 గేముల్లో 9 గెలిచి, ఒకటి డ్రా చేశారు. ఆట ఏమాత్రం తగ్గలేదు, ఆడే అవకాశమే పోయింది.

అప్పటి విదేశీ రాతల్లో ఆయన్ను జమీందారు దగ్గర పనివాడిగా చూపించారు. ఆయన కుటుంబం మాత్రం దీన్ని ఒప్పుకోదు. తమది భూమి ఉన్న కుటుంబమేనని అంటోంది. ఆ తర్వాత ఆయన సొంత ప్రాంతంలో వ్యవసాయం చూసుకుంటూ గడిపారు. దేశ విభజనతో ఆ ఊరు పాకిస్థాన్‌లోకి వెళ్లింది. 1966 ఏప్రిల్ 25న క్షయవ్యాధితో కన్నుమూశారు.

మరి గ్రాండ్‌మాస్టర్ ఎందుకు కాలేదు?

ప్రపంచ చెస్ సమాఖ్య ఫిడే 1950లో తొలిసారి అధికారికంగా 27 మందికి గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. పాత రికార్డులు చూసి, ఎప్పుడో ఆట మానేసిన రూబిన్‌స్టీన్‌కు కూడా ఇచ్చింది. టార్టకోవర్, ఫ్లోర్ కూడా ఆ జాబితాలో ఉన్నారు. ఈ ముగ్గురినీ సుల్తాన్ ఖాన్ ఓడించారు. కానీ ఆయన పేరు మాత్రం లేదు. అప్పటికి ఆయన బతికే ఉన్నారు.

చివరకు 2024 ఫిబ్రవరిలో ఫిడే ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ హోదా ఇచ్చింది. ఇస్లామాబాద్‌లో ఆ గౌరవాన్ని అందజేశారు. బోర్డు మీద ఆయన ఎప్పుడో గెలుచుకున్న హోదా అది. కాగితం మీదకు రావడానికి మాత్రం 90 ఏళ్లు పట్టింది.