తొమ్మిదో నంబరు సభ్యుడు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ప్రముఖుని జీవితం రాసి ఇమ్మని కార్యదర్శిగారు అడిగారు. దేశ నాయకుల గురించి, కవుల గురించి నాకంటే బాగా రాయగల మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను ఒక బ్రిటిష్ నటుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు బోరిస్ కార్లోఫ్. పేరు తెలియనివారికి కూడా ఆయన ముఖం తెలిసే ఉంటుంది. పలకలాంటి నుదురు, మెడకు రెండు పక్కలా ఇనుప మరలు, బరువైన అడుగులు. ఫ్రాంకెన్‌స్టయిన్ సినిమాలోని భూతం ఆయనే. నిజానికి ఫ్రాంకెన్‌స్టయిన్ అనేది దాన్ని తయారుచేసిన శాస్త్రవేత్త పేరు. భూతానికి పేరే లేదు.

మా మనవడు ఆ సినిమా టీవీలో చూస్తూ భయపడి నా పక్కకు చేరాడు. వాడికి ధైర్యం చెబుదామని ఆ నటుని చరిత్ర చదివితే నాకే ఆశ్చర్యం వేసింది. ఆయన తండ్రి మనలాగే సర్కారు ఉద్యోగి. అదీ మన దేశంలో, ఆనాటి ఉప్పు పన్నుల శాఖలో!

కార్లోఫ్ అసలు పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్‌లోని కాంబర్‌వెల్‌లో పుట్టారు. తొమ్మిదిమంది సంతానంలో ఆఖరివాడు. చిన్నతనంలోనే తల్లిదండ్రుల అండ పోయి పెద్దవాళ్ళ పెంపకంలో పెరిగారు. కొద్దిగా నత్తి ఉండేది. అన్న జాన్ ప్రాట్ చైనాలో కాన్సలేటు ఉద్యోగం చేసి తరువాత సర్ బిరుదు పొందారు. తమ్ముణ్ణి కూడా ఆ కొలువులోనే పెట్టాలని ఇంట్లోవారి ఆశ. అందుకే కింగ్స్ కాలేజీలో చేర్పించారు. ఈయన మనసు మాత్రం నాటకాల మీద ఉంది. 1909లో చదువు వదిలేసి కెనడాకు ఓడెక్కారు.

అక్కడ పొలాల్లో కూలి చేశారు. ఊరూరా తిరిగే నాటక సమాజాల్లో చేరారు. ఇంటి పేరుకు మచ్చ రాకూడదనేమో, పేరు మార్చుకున్నారు. హాలీవుడ్ చేరాక మూకీల్లో చిన్న వేషాలు దొరికేవి. అవి లేనప్పుడు లారీ తోలి పొట్ట పోసుకున్నారు. అలా దాదాపు ఇరవై ఏళ్ళు గడిచాయి. నెలాఖరు జీతం నమ్ముకుని బతికిన మనబోటివారికి ఆ ధైర్యం ఊహకు కూడా అందదు.

1931లో దర్శకుడు జేమ్స్ వేల్ ఆయన్ను భూతం వేషానికి పిలిచారు. అప్పటికి ఆయనకు నలభై మూడేళ్ళు. జాక్ పియర్స్ అనే మేకప్ నిపుణుడు రోజూ నాలుగు గంటలపాటు ఆ ముఖాన్ని తీర్చేవాడు. కాళ్ళకు బరువైన బూట్లు. ఒకసారి ఆ వేషంలోనే ఏకబిగిన ఇరవై అయిదు గంటలు పనిచేయించారట. ఆ వేషం తెచ్చిన నడుం నొప్పి జీవితాంతం వదలలేదు. ఇంతా చేస్తే సినిమా మొదట్లో వేసే పేర్లలో ఆయన పేరుండవలసిన చోట ఒక ప్రశ్నార్థకం గుర్తు వేశారు! అయినా ఆ మేకప్ వెనక నుంచి కళ్ళతోనే ఆయన నటించారు. సినిమా చూసిన పిల్లలు రాసే ఉత్తరాల్లో భూతం మీద భయం కంటే జాలే ఎక్కువ ఉండేదట.

ఇక నేను ముఖ్యంగా చెప్పదలచిన సంగతి. 1933లో ఆర్థికమాంద్యం పేరు చెప్పి నిర్మాతలు జీతాలు సగానికి కోశారు. పనిగంటలకు లెక్కే లేదు. ఆ ఏడాదే కొందరు నటులు కలిసి స్క్రీన్ యాక్టర్స్ గిల్డ్ అనే సంఘం పెట్టుకున్నారు. అందులో కార్లోఫ్ సభ్యత్వ సంఖ్య 9. ఇరవై ఏళ్ళు కష్టపడితే దొరికిన పేరు, నిర్మాతలు కన్నెర్ర చేస్తే ఒక్క రోజులో పోయేది. తెలిసే చేరారు. 1937లో నిర్మాతలు గిల్డ్‌ను గుర్తించి ఒప్పందం మీద సంతకం చేశారు. 1960లో గిల్డ్ సమ్మె చేసి నటులకు పింఛను, వైద్య నిధి సాధించింది.

ఇది చదివినప్పుడు నాకు సిగ్గు వేసింది. నేను 1972లో జూనియర్ అసిస్టెంటుగా చేరాను. ప్రొబేషన్ పూర్తికానిదే యూనియన్‌లో చేరకూడదనుకున్నాను. అది పూర్తయ్యాక కూడా, అధికారి కంట్లో పడతానేమోనని మరో రెండేళ్ళు సాకులు చెప్పాను. మా సెక్షన్లో సీనియరు ఒకాయన అందరి తరఫునా తిరిగి, చివరకు దూరప్రాంతానికి బదిలీ అయ్యాడు. ఆయన పోరాడి సాధించిన అరియర్సు మాత్రం నేనూ సంతకం పెట్టి తీసుకున్నాను. ఆయనకు కృతజ్ఞతలు చెప్పే అవకాశం మళ్ళీ రాలేదు.

భూతం వేషం తరువాత కార్లోఫ్ ది మమ్మీ, బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టయిన్, ది బాడీ స్నాచర్ వంటి చిత్రాలెన్నో చేశారు. 1933లో ఒక సినిమా కోసం ఇంగ్లండు వెళ్ళినప్పుడు, అన్నలు ఏమంటారోనని భయపడ్డారట. వాళ్ళేమో ఆయన పక్కన నిలబడి ఫొటో దిగటానికి పోటీ పడ్డారు. 1941లో బ్రాడ్‌వే నాటకరంగం మీద, 1950లలో టెలివిజన్లో కూడా పేరు తెచ్చుకున్నారు. 1960 నుంచి 1962 దాకా థ్రిల్లర్ అనే టీవీ ధారావాహికను సమర్పించారు. 1966లో పిల్లల క్రిస్మస్ కార్టూన్ ఒకదానికి గొంతు ఇచ్చారు. ఆ రికార్డుకు గ్రామీ బహుమతి వచ్చింది. క్రికెట్ అంటే ప్రాణం. ఎన్నేళ్ళు అమెరికాలో ఉన్నా బ్రిటిష్ పౌరుడిగానే మిగిలారు.

చివరి రోజుల్లో ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, కాళ్ళు సహకరించలేదు. చక్రాల కుర్చీలో కూర్చుని, షాట్ల మధ్య ఆక్సిజన్ పీలుస్తూ నటించారు. 1969 ఫిబ్రవరి 2న, ఎనభై ఒక్కవ ఏట ఇంగ్లండులో కన్నుమూశారు.

మా మనవడికి ఇదంతా చెప్పాను. ఆ భూతం యూనియన్ మనిషా తాతయ్యా అని అడిగాడు. అవునన్నాను. ఇప్పుడు ఆ బొమ్మ వస్తే వాడు నా పక్కకు చేరటం లేదు.

ఈ ఏడాది పదవీ విరమణ చేసిన మిత్రులు ఇంకా మన సంఘంలో చేరకపోతే, నాలాగా వాయిదా వేయవద్దని మనవి. సెలవు.