స్టూడెంటు అను విలియం గాసెట్టు

మన ఆమదాలవలస వ్యవసాయ పరిశోధన స్థానమున గోగు పంటపై పరిశోధనలు జరుగుట మా పాఠకులెరుగుదురు. ఒక వంగడము నాలుగు మళ్లలో కొంత హెచ్చుగా ఫలించినదనుకొందము. ఆ హెచ్చు విత్తనము వలన కలిగినదా, నేల గుణమా, లేక వట్టి యాదృచ్ఛికమా? ఊరి మళ్లన్నిటను విత్తి చూచుట ఎవరికిని సాధ్యము కాదు. కొద్దిపాటి మచ్చును ఎంతవరకు నమ్మవచ్చునో లెక్క గట్టి చూపిన యొక మహనీయుని చరిత్రమును ఈ సంచికలో వ్రాయ నెంచితిమి.

విలియం సీలీ గాసెట్టు 1876వ సంవత్సరము జూన్ 13వ తేదీన ఇంగ్లండునందలి కాంటర్‌బరీ పట్టణమున జన్మించెను. తండ్రి సైన్యమున కర్నలు. తానును సైనిక యింజనీరు కావలెనని కోరెను గాని, చూపు మందమగుటచే ఆ కోరిక తీరలేదు. ఆక్సుఫర్డులో గణితమును, రసాయన శాస్త్రమును చదివి, 1899లో డబ్లిన్ నగరమునందు గిన్నెస్ వారి బీరు కర్మాగారమున ఉద్యోగియయ్యెను. సారాయి బట్టీలో సరస్వతి యుండునా యని కొందరు ముఖము చిట్లింపవచ్చును, ఉన్నమాట నిజము.

అచ్చట బార్లీ గింజలను పరీక్షించుట అతని పనులలో నొకటి. ఆనాటి సాంఖ్యక శాస్త్రము వందలకొలది కొలతలున్నవారికే పనికివచ్చునది. గాసెట్టు చేతిలో నుండునవి నాలుగైదు మాత్రమే. 1906లో లండను వెళ్లి కార్ల్ పియర్సన్ పండితునియొద్ద శిక్షణ పొందెను. పిమ్మట 3000 మంది నేరస్థుల ఎత్తును, ఎడమచేతి నడిమివ్రేలి పొడవును అట్టముక్కలపై వ్రాసి, బాగుగా కలిపి, నాలుగేసి చొప్పున 750 గుంపులు చేసి, ప్రతి గుంపునకును సగటు కట్టెను. కంప్యూటరు లేని కాలమది! మచ్చు చిన్నదైన కొలది అది మనలను ఎట్లు మోసగించునో, ఆ మోసమునకు ఎంత తరుగు తీయవలెనో అతడు తన సిద్ధాంతమును ఇట్లు సరిచూచుకొనెను. ఉద్యోగులు స్వనామముతో ప్రకటింపరాదని యజమానుల కట్టడి యుండుటచే, 1908లో ఆ వ్యాసము స్టూడెంటు, అనగా విద్యార్థి, అను పేర వెలువడెను.

అందలి యొక యుదాహరణము పదిమంది రోగుల నిద్రను గూర్చినది. ఒక మందు సగటున 0.75 గంట, మరియొకటి 2.33 గంటల నిద్రను హెచ్చించెను. ఆ పదిమందియే రెండు మందులను పుచ్చుకొనిరి గనుక ఎవరిని వారితోనే పోల్చ వీలయ్యెను. తొమ్మండుగురికి రెండవ మందే మేలు చేసెను. ఒకనికి రెండును సమానమే. పదిమందియే చాలిరి. (మందుల పేర్లను మాత్రము గాసెట్టు పొరబాటుగా వ్రాసెను, లెక్కకు దానివలన హాని లేదు.)

ఉపాధ్యాయులమైన మాకు మిక్కిలి హత్తుకొన్న ఘట్టము వేరొకటి. 1930లో స్కాట్లండునందలి లానార్కుషైరులో 20,000 మంది బడిపిల్లలపై పాల పరీక్ష జరిగెను. 10,000 మందికి నాలుగు నెలలు దినదినము పాలు పోసిరి. తక్కిన 10,000 మందికి పోయలేదు. ఇంత పెద్ద మచ్చును శంకింపనేల? గాసెట్టు 1931లో శంకించెను. ఎంపిక సరిగా కుదరలేదని తోచినచో పిల్లలను మార్చుటకు ఉపాధ్యాయులకు స్వేచ్ఛ నిచ్చిరి. వారు బక్కచిక్కిన బిడ్డలను పాలు త్రాగు పక్షమున చేర్చిరని గాసెట్టు ఊహించెను. మేమైనను అట్లే చేసియుందుము! ఆరంభముననే పాలు లేని పక్షమువారు బరువున మూడు నెలల, ఎత్తున నాలుగు నెలల పెరుగుదల ముందుండిరి. పైగా పిల్లలను దుస్తులతోనే తూచిరి. మొదట చలికాలము, తుదకు వేసవి. కవలలలో అచ్చుగ్రుద్దినట్లుండు 50 జతలను తీసికొని, ప్రతి జతలో నొకరికి పాలు పోసినచో, స్వల్ప వ్యయముతో ఇంతకంటె నమ్మదగిన ఫలితము వచ్చునని గాసెట్టు చూపెను.

ఇది చదివినపుడు మాకు తలవంపులైనది. ఒక సంవత్సరము ఎనిమిదవ తరగతి రెండు విభాగములలో నొకదానికి క్రొత్త పద్ధతిని లెక్కలు చెప్పితిమి. సగటున మూడు మార్కులు హెచ్చుగా రాగా, మరుసటి యేడు అందరికిని ఆ పద్ధతినే పెట్టితిమి. వెనుకబడిన పిల్లలు ఏడాదియంతయు నష్టపోయిరి. మొదటి విభాగమున నుండినది ముప్పది యిద్దరే. చురుకైనవారిని ఏరి అందు చేర్చినది మేమే.

గాసెట్టు 1937 అక్టోబరు 16వ తేదీన, తన 61వ యేట, మరణించెను. అతని మార్గమును విస్తరించిన మిత్రుడు ఫిషరు. మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివిన సి. ఆర్. రావుగారు పిమ్మట కేంబ్రిడ్జిలో ఆ ఫిషరునకే శిష్యులైరి.

మచ్చు చిన్నదైనచో లేనిది ఉన్నట్లు తోచుటయే కాదు, ఉన్నది కనబడకపోవుటయు కలదు. పెద్ద కన్నుల వలను నాగావళిలో వేసి, చిన్న చేప పడలేదు గనుక ఏటిలో చిన్న చేపలే లేవనుట వంటిదది. ఉన్న భేదమును పట్టగల సామర్థ్యమునకు శాస్త్రజ్ఞులు శక్తి యని పేరిడిరి. 1962లో జాకబ్ కోహెన్ అను అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు, తన శాస్త్రమునకు చెందిన యొక పత్రికలో 1960లో వెలువడిన 70 వ్యాసములను ఈ దృష్టితో పరిశీలించెను. మధ్యరకపు భేదము నిజముగా నున్నను, అది ఆ పరిశోధనలకు చిక్కు అవకాశము సగటున సగమునకు మించలేదు.