యంత్రమునకుఁ జదువు నేర్పఁదలఁచిన ట్యూరింగు

ప్రశ్న వేసిన క్షణముననే జవాబు వ్రాసి చూపు యంత్రములు నేఁడు బందరులోను, గుడివాడలోను, దివిసీమ గ్రామములలోను మన బాలబాలికల చేతి ఫోనులలోనికి వచ్చియున్నవి. వీని విద్యకుఁ గృత్రిమ మేధ యని పేరు. యంత్రము ఆలోచింపఁగలదా, ఆలోచించినచో మన గతి యేమి అను ప్రశ్నలను కంప్యూటరులు శైశవమందున్న కాలముననే నిదానముగా విచారించిన గణితజ్ఞుఁడు ఆలన్ ట్యూరింగు. ఆయన జీవితమున విద్యార్థులును, తలిదండ్రులును, ఉపాధ్యాయులును గ్రహింపఁదగిన విషయములు పెక్కు గలవు గావున నిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ట్యూరింగు కుటుంబమునకును మన తెలుఁగు దేశమునకును సంబంధము కలదు. ఆయన తండ్రి జూలియస్ ట్యూరింగు 1896లో సివిల్ సర్వీసు ఉద్యోగిగా చెన్నపురి రాజధానికి వచ్చి, బళ్లారి, కర్నూలు మొదలగు జిల్లాలలోఁ బని చేసి, తెలుఁగు భాష నభ్యసించెను. తల్లి ఎథెల్ సారా మద్రాసు రైల్వే ఇంజనీరగు స్టోనీ దొర కుమార్తె. తుంగభద్రపై వంతెన కట్టించిన ఈ స్టోనీయే చప్పుడు చేయని పంకా చక్రమును గూడఁ గనిపెట్టెను. ఆ కాలమున దొరల తలలపై వ్రేలాడు పంకాను కూలివాండ్రు త్రాటితో లాగుచుండిరి. చక్రము వలన దొరల చెవులకు సుఖము కలిగెను. త్రాడు లాగు పని మాత్రము కూలివానికే మిగిలెను. యంత్రము ఎవరి సుఖము కొఱకను ప్రశ్న ఆ తాతగారి యింటనే పుట్టియున్నదని మాకుఁ దోఁచుచున్నది.

ఆలన్ 1912 జూన్ 23వ తేదీని లండనులో జన్మించెను. తండ్రి యుద్యోగము ఈ దేశమందుండుటచే, ఆలనును అన్న జానును ఇంగ్లండులో నొక విశ్రాంత సైనికోద్యోగి యింట నుంచవలసివచ్చెను. బాల్యము చాలవఱకుఁ బరుల పంచనే గడచెను. 1926లో షెర్బర్ను పాఠశాలలోఁ జేరఁబోవు సమయమున దేశమంతటను సమ్మె జరిగి రైళ్లు నిలిచిపోఁగా, పదుమూఁడేండ్ల ఆ బాలుఁడు 60 మైళ్లు సైకిలు త్రొక్కి పాఠశాల చేరెను. అచ్చట భాషలకుఁ గల గౌరవము గణితమునకు లేకుండెను. ఆలను చేతివ్రాతను, ఆంగ్లరచనను ఉపాధ్యాయు లాక్షేపించుచుండిరి. క్రిస్టఫర్ మార్కమను సహాధ్యాయి ఆయనకుఁ బ్రాణమిత్రుఁడు. 1930 ఫిబ్రవరిలో ఆ మిత్రుఁడు క్షయవ్యాధిచే మరణించెను. దేహము నశించిన పిమ్మట మనస్సేమగును, ఆ రెంటికిని గల సంబంధమేమి అని పదునేడేండ్ల ఆలను తల్లడిల్లెను. మనస్సును గూర్చి తరువాత ఆయన చేసిన విచారణకు బీజమిచ్చటఁ బడినదని తలఁచుట యుక్తము.

1931లోఁ గేంబ్రిడ్జిలోని కింగ్సు కళాశాలలోఁ జేరి, 1936లో ఆయన వెలువరించిన వ్యాసము గణితశాస్త్రమునఁ గ్రొత్త మార్గమును దెఱచెను. నాఁడు కంప్యూటరనఁగా యంత్రము కాదు. కూర్చుండి లెక్కలు చేయు మనుష్యుఁడు. 1984లో రద్దగువఱకు మన గ్రామములందుండిన కరణమును దలఁచుకొనుఁడు. అతని ముందు దస్తరము, చేతఁ గలము, మనస్సున నిబంధనలు. ఒక గడిలోని యంకెను జూచి, నిబంధన ప్రకారము దానిని గొట్టివేసి వేఱొకటి వ్రాసి, ప్రక్క గడికిఁ బోవును. అంతులేని కాగితపుఁ బట్టీపై ఈ పనినే చేయు యంత్రమును ట్యూరింగు ఊహించెను. నిబంధనలను గూడఁ బట్టీపైనే వ్రాసి యిచ్చినచో, నిబంధనలతోఁ జేయఁదగిన యే లెక్కనైనను ఒక్క యంత్రమే చేయఁగలదని నిరూపించెను. అట్టి యంత్రమేదియు ఎన్నటికిని దేల్చి చెప్పఁజాలని ప్రశ్నలు కలవనియు నా వ్యాసముననే నిరూపించెను.

1939లో యుద్ధము రాఁగానే ఆయన బ్లెచ్లీ పార్కను రహస్యస్థలమునఁ బనికిఁ గుదిరెను. జర్మనులు ఎనిగ్మా యను యంత్రముతో సందేశములను గూఢలిపిలో నంపుచుండిరి. పోలండు గణితజ్ఞులు వేసిన పునాదిపై ట్యూరింగును, గార్డన్ వెల్చిమనును ఆ గూఢలిపిని ఛేదించు యంత్రములను రూపొందించిరి. వానిని రేయింబవళ్లు నడపినవారు నౌకాదళపు యువతులు. అట్లాంటికు సముద్రమున నౌకలను ముంచు జలాంతర్గాముల జాడలు దీనివలనఁ దెలియవచ్చెను. కాని తెలిసిన వెంటనే దాడి చేసినచో రహస్యము బయటపడును. కావున ముందుగా విమానమును బంపి, దానివలననే కనుగొన్నట్లు శత్రువును నమ్మించుచుండిరి. జాడ చెప్పుట యంత్రము పని. దాని నెప్పుడు, ఎట్లు వాడవలయునో నిర్ణయించుట మనుష్యుల భారము.

యుద్ధానంతరము ఆయన జాతీయ భౌతిక పరిశోధనాలయమునఁ గంప్యూటరు నిర్మాణమునకుఁ బ్రణాళిక వ్రాసి, 1948లో మాంచెస్టరు విశ్వవిద్యాలయమున కేఁగెను. ఈ మధ్యలో, 1947లో, లండను గణిత సంఘము నెదుట నుపన్యసించుచు దూరదృష్టితో నొక సంగతి చెప్పెను. ఏ పనియైనను ఒక పద్ధతిగా స్థిరపడినచో దానిని యంత్రమునకు నేర్పవచ్చును. కావున యంత్రమును నడపు నిపుణులు సైతము స్థానములు గోల్పోవచ్చును. ఆ భయమున వారు తమ విద్యను మర్మముగా దాఁచుకొనవచ్చును అని ఆయన భావము. గుడివాడ ప్రాంతపుఁ బొలములలోనికి వరికోత యంత్రములు వచ్చినప్పుడు కొడవలి పట్టిన కూలీలకుఁ బని దినములు తగ్గుట మన మెఱుఁగుదుము. చదువుకొన్నవారి కది దూరపు విషయముగాఁ దోఁచెను. ఇప్పుడు గుమాస్తాలకును, అనువాదకులకును, మాబోఁటి యుపాధ్యాయులకును ఆ ప్రశ్నయే యెదురైనది. పొరుగువాని కూలి పోయినప్పుడు ఊరకున్నవారు, తమ వంతు వచ్చినప్పుడు ఎవరి సాయము నడుగుదురు?

1950 అక్టోబరులో మైండు పత్రికయందు వెలువడిన వ్యాసమున ఆయన యొక పరీక్షను బ్రతిపాదించెను. కంటికిఁ గనఁబడకుండ నొకచోట మనుష్యుఁడు, ఒకచోట యంత్రము. వ్రాతమూలముగాఁ బ్రశ్నించి ఎవరెవరో పోల్చుకొనవలెను. పోల్చుకొనఁజాలనిచో, యంత్రము ఆలోచించుట లేదనుటకు మనకాధారమేమి యని ఆయన వాదము. ఆలోచన అమరమైన యాత్మకే చెల్లునను మతాక్షేపణ ఆయన మనస్సున కెక్కలేదు. అయినను దానిని విడువక, దేవుని సర్వశక్తికి మనము హద్దులు పెట్టరాదని ప్రత్యుత్తర మిచ్చెను. పెద్దవాని మనస్సువంటి యంత్రమును గట్టుటకంటె, శిశువు మనస్సువంటిదానిని గట్టి చదువు చెప్పుట మేలని సూచించెను. నేఁటి యంత్రములు మనుష్యులు వ్రాసిన కోట్లకొలఁది పుటలనుండి నేర్చుకొనుచున్నవి. గురువు మంచిచెడ్డలు శిష్యునకు సంక్రమించునట్లే, ఆ పుటలలోని జ్ఞానముతోఁ గూడ కులద్వేషమును, స్త్రీలయెడఁ జులకనయు, అసత్యమును వానికి సంక్రమించును.

1952లోఁ దన యింట దొంగతనము జరిగెనని ట్యూరింగే పోలీసులకుఁ దెలిపెను. ఆ విచారణలో ఆయనకు వేఱొక పురుషునితోఁ గల సంబంధము బయటపడెను. నాఁటి ఇంగ్లండు చట్టము ప్రకార మది నేరము. చెఱసాలకు మాఱుగా ఏడాది పాటు శరీరమును మార్చు హార్మోను మందు పుచ్చుకొనవలసివచ్చెను. ప్రభుత్వపు రహస్య కార్యములు ఆయనకుఁ దప్పిపోయెను. 1954 జూన్ 7వ తేదీని, 41 ఏండ్ల వయస్సున, సయనైడు విషముచే మరణించెను. ఆత్మహత్యయని విచారణాధికారి నిర్ణయించెను; ప్రమాదమని తల్లి నమ్మెను. దేశమును గాపాడిన ఆయన సేవ రహస్యమగుటచే 1970ల వఱకు లోకమునకుఁ దెలియనే లేదు. ఎవరి నిబంధనను వారు పాటించిరి. జరిగినదానికి జవాబుదారి యెవఁడును లేకపోయెను. 2009లో బ్రిటిషు ప్రధాని క్షమాపణ చెప్పెను. 2013లో రాణి క్షమాభిక్ష వెలువడెను. మన దేశమునఁ గూడ వయోజనుల సమ్మత సంబంధములు నేరము కావని సుప్రీం కోర్టు 2018లోఁ దీర్పు చెప్పెను.

ఈ చరిత్రమునుండి మన తీరవాసులు నేర్వవలసిన దేమి? 1864లో బందరును, 1977 నవంబరు 19వ తేదీని దివిసీమను ఉప్పెనలు ముంచినప్పుడు వేలకొలఁది జనులు నశించిరి. నేఁడు బందరులోని వాతావరణ రాడారు మేఘములను గనిపెట్టుచున్నది. కంప్యూటరులు తుపాను దారిని దినముల ముందే లెక్కగట్టుచున్నవి. కృత్రిమ మేధయు నా పనికిఁ బూనుకొన్నది. ఇది ట్యూరింగు వంటివారు మనకుఁ జేసిన మేలు. కాని ఆ లెక్కను నాగాయలంక జాలరి గుడిసెకుఁ జేర్చి, నడువలేని ముదుసలిని చేయిపట్టి తుపాను ఆశ్రయమునకుఁ గొనిపోవుటకు మనుష్యుఁడే కావలెను. లెక్క తప్పినచో ముందుకు వచ్చి బాధ్యత వహించుటకును మనుష్యుఁడే కావలెను.

విద్యార్థులారా! యంత్రమును జూచి భయపడకుఁడు, దానిని గొలువకుఁడు. అది యిచ్చిన జవాబును మీ పుస్తకమున వ్రాసి క్రింద మీ పేరు పెట్టునప్పుడు, దానికి జవాబుదారులు మీరేయని మఱువకుఁడు. రేపు మీలో నొకరు బ్యాంకులోనో, ఆసుపత్రిలోనో, న్యాయస్థానములోనో కూర్చుందురు. యంత్రము ఒక పేదవానికి లేదని చెప్పినప్పుడు, ఏలయని యొక్కసారి యడిగి, ఆ పేదవాని ముఖము చూచిన పిమ్మటనే సంతకము చేయుఁడు.