వెలుగును వడగట్టిన విలియం నికోల్

బంక అతికించడానికే పనికివస్తుందని లోకం భావిస్తుంది. అదే బంకను రెండు స్ఫటిక ఖండాల నడుమ పలుచని పొరగా నిలిపి, ఒక కిరణాన్ని సాగనంపి, మరొక కిరణాన్ని ప్రక్కకు మళ్ళించిన మేధావి విలియం నికోల్.

నికోల్ 1770లో స్కాట్లండ్‌లోని హంబీ గ్రామంలో జన్మించాడు. ఆయన బంధువైన హెన్రీ మోయెస్ ఊరూరా తిరిగి శాస్త్రవిషయాలను ఉపన్యసించే పండితుడు, అంధుడు. ప్రయోగాలలో ఆయనకు చేదోడుగా ఉంటూ నికోల్ విద్యనభ్యసించాడు. చూపులేని గురువు చెంత వెలుగును గూర్చి తెలుసుకోవడం విశేషం. అనంతరం తానూ ఉపన్యాసకుడై, ఎడిన్‌బరోలో నిరాడంబరంగా జీవించాడు.

కాల్‌సైట్ స్ఫటికం గుండా చూస్తే ఒకే అక్షరం రెండుగా కనిపిస్తుంది. లోపలికి ప్రవేశించిన కాంతి సాధారణ, అసాధారణ కిరణాలుగా చీలడమే దీనికి కారణం. రెండూ ధ్రువణం చెందినవే. కాని అవి జంటగా వెలువడడంవల్ల ఒకదానిని విడదీయడం కష్టమయ్యేది.

1828లో నికోల్ ఈ చిక్కును విప్పాడు. స్ఫటికాన్ని ఏటవాలుగా రెండు ముక్కలు చేసి, కోసిన తలాలను నునుపుచేసి, కెనడా బాల్సంతో తిరిగి అతికించాడు. అది ఉత్తర అమెరికాలో పెరిగే ఒక వృక్షం నుండి స్రవించే పారదర్శకమైన బంక. సాధారణ కిరణానికి కాల్‌సైట్ వక్రీభవన గుణకం 1.658, బాల్సం గుణకం సుమారు 1.55. అందువల్ల ఆ కిరణం సాంద్రతర యానకం నుండి విరళ యానకాన్ని చేరబోతూ, సందిగ్ధ కోణాన్ని మించి తాకి, సంపూర్ణాంతర పరావర్తనం చెంది ప్రక్కకు పోతుంది. అసాధారణ కిరణానికి కాల్‌సైట్ గుణకం బాల్సం గుణకం కంటె తక్కువ. కాబట్టి అది పొరను దాటి సాగిపోతుంది. ఈ సాధనమే నికోల్ పట్టకం.

శిలాజ దారువుల ముక్కలను అదే బంకతో గాజుపలకపై అతికించి, కాంతి చొరబడేంత పలుచగా అరగదీసే పద్ధతినీ ఆయన రూపొందించాడు. అయితే భూగర్భ శాస్త్రజ్ఞులు చాలాకాలం దాని విలువను గుర్తించలేదు. 1851లో నికోల్ మరణించాడు. 1858లో హెన్రీ క్లిఫ్టన్ సోర్బీ ప్రచురించిన పరిశోధనతో శిలల సూక్ష్మ పరిశీలనకు ఆ పద్ధతి ఆధారమైంది.

1921లో ఇంగ్లండు నుండి ఓడలో తిరిగివస్తూ సి.వి. రామన్ నికోల్ పట్టకంతో సముద్రాన్ని పరిశీలించాడు. నీటిపై పరావర్తనమైన ఆకాశకాంతిని తొలగించి చూసినా నీలిమ మాసిపోలేదు. సముద్రపు నీలివర్ణం ఆకాశపు ప్రతిబింబం మాత్రమే కాదని ఆయన గ్రహించాడు.

తరువాతి కాలంలో పోలరాయిడ్ పలకలు చాలాచోట్ల ఈ పట్టకం స్థానాన్ని ఆక్రమించాయి. అయినా నికోల్ కృషి తరగనిది. కీర్తి తన జీవితకాలంలో అందకపోయినా, చేసిన పని నిక్కమైనదైతే అది తరాల చేతికి వెలుగై అందుతుందనడానికి ఆయన జీవితమే నిదర్శనం.